నూట యాభై అంటే ఎంత?

మొన్న జుమ్మా నమాజు ముగించుకుని ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నానో లేదో, ఉంగుటూరు నుంచి ఫోన్లోకి ఒక ఫోటో వచ్చింది. పంపినవాడు మా మామూ మనవడు. ఐటీఐ చదివి, అక్కడే ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఫిట్టరుగా చేరి ఆరు నెలలైంది. ఫోటోలో ఒక ఫ్లాంజి. అంచు మీద తుప్పు గీకి, సుద్దముక్క రుద్ది, గుద్దిన అక్షరాలు కనపడేలా చేశాడు. నాలుగంగుళాలు, 150, ఏ 105, బీ 16.5. కింద ఒకే ఒక్క లైను: "చిచ్చా, 150 అంటే నూట యాభై పౌండ్లేనా? స్టీమ్ లైనుకి వెయ్యొచ్చా?"

అన్నం చల్లారిపోయింది. అమ్మీ రెండుసార్లు పిలిచింది, వినపడలేదు.

ఇదే సవాలు ఇరవై ఏళ్ళ కిందట, ఇదే ఊళ్ళో, ఈ కుర్రాడి దాదా నన్ను అడిగాడు. ఆయనకి నేను అర నిమిషంలో జవాబు చెప్పాను. ఆ జవాబు ఖరీదు ఆయన కుడి చెయ్యి. ఈ సంగతి మా ఖాందాన్‌లో ఎవరికీ తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఒకరు పోయిన ఏడాది ఖబరస్తాన్‌కి వెళ్ళిపోయారు. రెండోవాణ్ణి నేను.

ఫ్లాంజి అంటే ఏంటో తెలియనివాళ్ళకి ముందు ఒక మాట చెప్పాలి. రెండు పైపుల్ని కలపాలంటే వెల్డింగ్ చేసెయ్యొచ్చు. కానీ రేపు వాల్వు మార్చాలన్నా, లైను విప్పి కడగాలన్నా మళ్ళీ విడదీసే వీలుండాలి కదా. అందుకని పైపు చివర చుట్టూ కన్నాలున్న ఒక ఉక్కు పళ్ళెం అతికిస్తారు. రెండు పళ్ళేలని ముఖాముఖీ పెట్టి, మధ్యలో ప్యాకింగు వేసి, బోల్టులతో బిగిస్తారు. మీ ఇంట్లో దమ్ బిర్యానీ వండితే ఇది మీరు చూసిందే. దేగ్ అంచు ఒక ఫ్లాంజి, మూత ఇంకో ఫ్లాంజి, చుట్టూ అద్దిన గోధుమపిండి ప్యాకింగు, మూత మీద పెట్టిన నిప్పులూ రాయీ బోల్టులు. పిండి ఒక్కచోట పలచనైనా, రాయి బరువు చాలకపోయినా దమ్ అక్కణ్ణించే బయటికి తోసుకొస్తుంది. దేగ్ ఎంత మందమైనదైనా సరే, ఆవిరికి ఆ ఒక్క సందు చాలు.

ఇక మామూ సంగతి. మా నానా వాళ్ళది ఏలూరు. తివాచీలు నేసిన ఖాందాన్. మగ్గం మీద సంపాదన సన్నగిల్లాక మామూ ఆ పని వదిలేసి పైపుల పనిలోకి వచ్చాడు. ఒక చక్కెర ఫ్యాక్టరీలో హెల్పరుగా మొదలుపెట్టి, ఉంగుటూరు చుట్టుపక్కల మిల్లులన్నిటికీ మేస్త్రి అయ్యాడు. సాయిబు మేస్త్రి గారు అంటే చేబ్రోలు నుంచి భీమడోలు దాకా మిల్లుల్లో తెలియనివాళ్ళు లేరు. ఉర్దూ చదివేవాడు, తెలుగు కూడబలుక్కునేవాడు, ఇంగ్లీషు రాదు. ఇల్మ్ అంతా చేతుల్లో ఉండేది. బోల్టు బిగిస్తుంటే స్పానర్ పిడి మీద వేలు ఆనించి, ఇంకో పావు చుట్టు తిరుగుతుందా తిరగదా చెప్పేసేవాడు. నేను ఐటీఐ పాసవగానే అమ్మీ నన్ను ఆయన చేతిలో పెట్టింది. "నీ షాగిర్ద్‌ని చేసుకో భయ్యా" అంది. ఆయన నవ్వి, "వీడు కాగితాలు చదువుతాడు, నేను లోహం చదువుతాను. జోడీ బాగానే ఉంటుంది" అన్నాడు.

అది 2004. అప్పటికి ఉంగుటూరు ఇంకా పశ్చిమ గోదావరి జిల్లాలోనే. (2022లో జిల్లాలు పంచినప్పుడు ఉంగుటూరు ఏలూరు వైపు, పక్కనే ఉన్న తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి వైపు పడ్డాయి. సంతకి అటూ, ఆఫీసు పనికి ఇటూ తిరుగుతున్నారు మావాళ్ళు.) మిల్లు పేరు రాయను. చేతులు మారిపోయింది, ఆ బాబుగారు కూడా లేరు. నానిన వడ్ల వాసనా, ఊక బూడిదా పట్టిన మామూలు ఉప్పుడు మిల్లు. బియ్యం లారీలెక్కి కేరళ వెళ్ళేవి.

అక్కడ పాత బాయిలర్ పదిన్నర కేజీలది. మిల్లు భాషలో కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు అని. దాన్ని తీసేసి పదిహేడున్నర కేజీల బాయిలర్ పెట్టారు. కొత్త డ్రైయర్లకి ఆవిరి ఎక్కువ కావాలి. బాయిలర్ మారింది గానీ, దాని నోటి నుంచి హెడర్ దాకా వెళ్ళే నాలుగంగుళాల లైను ఎలా ఉండాలన్న దగ్గర ఆలోచన ఆగింది. పాత లైను తాలూకు ఫ్లాంజీలు ఉన్నాయి. తక్కువైన నాలుగు విజయవాడ నుంచి తెప్పించారు. అన్నీ 150లే. 300వి కావాలంటే ఆర్డరు పెట్టాలి, వారం పడుతుంది, ఖరీదు ఎక్కువ. అవతల సీజను మొదలైపోయింది.

మామూ ఒక ఫ్లాంజి చేతిలోకి తీసుకుని కాసేపు అలా పట్టుకుని నిలబడ్డాడు. "బేటా, ఇది చేతికి తేలిగ్గా ఉంది. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన నేను విప్పినవి ఇంతకన్నా బరువు. నీ కాగితం ఏమంటోంది?" అన్నాడు.

కాగితం నా జేబులోనే ఉంది. కొట్టువాడు ఫ్లాంజీలతోపాటు పంపిన కేటలాగు. అందులో 150 క్లాసు అని ఉన్న గడి చూశాను. మొదటి వరసలో 285 అని ఉంది. పౌండ్లలో. మన బాయిలర్ పదిహేడున్నర కేజీలంటే పౌండ్లలో దాదాపు 250. తీసివేస్తే 35 మిగులు.

"రెండొందల ఎనభై అయిదు దాకా ఆగుతుంది మామూ. మనది రెండొందల యాభయ్యే. ఫికర్ లేదు."

"పక్కానా?"

"పక్కా."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ మొదటి వరస కింద ఇంకో పదిహేను వరసలు ఉన్నాయి. వాటి మీద నా కళ్ళు పడలేదని అనలేను. పడ్డాయి. చదవలేదు.

లైను బిగించాక నీళ్ళతో పరీక్ష పెట్టాం. పనిచేసే ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు చేతిపంపుతో ఎక్కించాం, దాదాపు 26 బార్. అరగంట ఉంచాం. గేజీ ముల్లు కదల్లేదు. ఏ జాయింటు దగ్గరా చుక్క లేదు. బాబుగారు కొబ్బరికాయ కొట్టించారు, లడ్డూలు పంచారు. మామూ నా భుజం మీద చెయ్యేసి, "నీ కాగితమే గెలిచింది రా" అన్నాడు. ఆ పూట నా గురూర్ ఏం చెప్పమంటారు!

కానూను ప్రకారమైతే ఆ లైను అలా బిగించెయ్యడానికి లేదు. 1950 నాటి బాయిలర్ నిబంధనల కింద, మూడున్నర కేజీలు దాటిన ఆవిరి వెళ్ళే పైపు ఏదైనా స్టీమ్ పైపే. దాని డ్రాయింగు పంపి, మంజూరు తెచ్చుకుని, అప్పుడు కట్టాలి. మామూకీ ఆ సంగతి తెలుసు, బాబుగారికీ తెలుసు. సీజనయ్యాక చూసుకుందాం అనుకున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండో జాయింటు దగ్గర సన్నగా చీదడం మొదలైంది. మొదట తడి, తరవాత చిటపట, ఆ తరవాత ఈల. బాయిలర్ ఆపి, లైను చల్లార్చి, ప్యాకింగు మార్చాలి. అదొక్కటే దారి. కానీ తొట్లలో వడ్లు నాని ఉన్నాయి. ఒక రోజు ఆగితే పులుస్తాయి, రంగు పోతుంది, సరుకు వెనక్కొస్తుంది. "కొంచెం బిగించి చూడండి మేస్త్రి గారూ, రాత్రికి ఆపుదాం" అన్నారు బాబుగారు. మామూ రింగు స్పానరు తీసుకుని నిచ్చెన ఎక్కాడు. కింద నిచ్చెన పట్టుకున్నవాణ్ణి నేనే.

మొదటి పావు చుట్టుకి ఈల తగ్గింది. రెండోదానికి ప్యాకింగు ఒక పక్క చిట్లి బయటికి వచ్చేసింది. చెవుల్లో ఇంకేం వినపడలేదు. ఆవిరి తెల్లగా ఉంటుందనుకుంటాం. సందు నుంచి వచ్చే చోట అసలు కనపడదు, ఖాళీ గాలిలా ఉంటుంది. ఒక మూర దూరం వచ్చాకే తెల్లబడుతుంది. మామూ చెయ్యి ఆ కనపడని చోట ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా, మెడ కుడిపక్క కొంచెం. ఆయన పడలేదు. ఒక్కో మెట్టే దిగి, ఊక బస్తా మీద కూర్చుని, "వాల్వు కట్టెయ్యి" అన్నాడు.

మరిగే నీళ్ళు పడితే కాలుతుంది. ఆవిరి అంతకంటే జాలిమ్. ఒక్క గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ 540 క్యాలరీల వేడి వదిలిపెడుతుంది. అదే గ్రాము మరిగిన నీళ్ళు ఒంటి వేడి దాకా చల్లారడానికి అరవై పైచిలుకు వదులుతాయి. ఈ లెక్క తరవాతెప్పుడో చదివాను. చర్మం ఎలా ఊడివస్తుందో ముందే చూసేశాను.

ఏలూరు ఆసుపత్రిలో మూడు వారాలు. బాబుగారు వచ్చి ఖర్చులు కట్టారు, ఆ మాట దాచకూడదు. మంచం పక్కన కూర్చుని అడిగారు, "ఆ ఫ్లాంజీలు సరిపోతాయని ఎవరన్నారు మేస్త్రి గారూ?"

"నా అందాజా తప్పిందండి బాబుగారూ."

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. కేటలాగు అప్పటికీ నా జేబులోనే ఉంది. ఖామోష్‌గా ఉండిపోయాను.

మామూ రెండు వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. స్పానరు పట్టు కుదరలేదు. మిల్లులు వేరే మేస్త్రిని చూసుకున్నాయి. ఆయన కొల్లేటి వైపు ఒక చేపల చెరువు దగ్గర రాత్రి కాపలాకి కుదిరాడు. లోహం చదివే మనిషి టార్చి పట్టుకుని నీటికోళ్ళని తోలుకుంటూ తిరిగాడు. మూడేళ్ళకి నేను సౌదీ వెళ్ళాను. ఏజెంటుకి కట్టిన డబ్బులో సగం మామీ గాజులవి.

అప్పటిదాకా నా మనసులో ఉన్న జవాబు ఏంటంటే, ప్యాకింగు షీటు నాసిరకం, మామూ తకదీర్ బాగాలేదు. నా 285 మీద నాకు అనుమానమే రాలేదు. నీళ్ళ పరీక్ష పాసైంది కదా!

జుబైల్‌లో ఒక ప్లాంటు షట్‌డౌన్ పని. మా గ్యాంగుకి ముల్తాన్ వైపు నుంచి వచ్చిన ఒక ఉస్తాద్ ఫోర్‌మన్. తెల్లగడ్డం, మెడలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ పూసిన కాగితం. కొత్తవాళ్ళని వరసగా నిలబెట్టి, ఫ్లాంజి ఒకటి నేల మీద పడేసి అడిగాడు.

"యే డేఢ్ సౌ క్యా హై, బేటే?"

"285 పౌండ్, ఉస్తాద్."

"కిస్ గర్మీ మే?"

ఏ వేడిలో అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మెడలోని కాగితం తీసి నా ముందు పెట్టి, వేలు మొదటి వరస మీద ఆనించాడు. అక్కడ 38 డిగ్రీలు అని ఉంది. అంటే మన వేసవి మధ్యాహ్నం నీడలో ఉండే వేడి. అక్కడ 150 క్లాసు కార్బన్ స్టీల్ ఫ్లాంజి 19.6 బార్ ఆగుతుంది. పౌండ్లలో అదే నా 285. ఆయన వేలు కిందికి జరుపుతూ పోయాడు. 100 డిగ్రీల దగ్గర 17.7. 150 దగ్గర 15.8. 200 దగ్గర 13.8. 250 దగ్గర 12.1. 300 దగ్గర 10.2. 400కి వచ్చేసరికి 6.5. అదే ఫ్లాంజి, అదే అచ్చు, అదే 150. వేడి పెరిగే కొద్దీ దాని బర్దాష్త్ కరిగిపోతోంది.

"నంబర్ దర్జా హై, వజన్ నహీ," అన్నాడు. అంకె చెప్పేది మోసే బరువు కాదు, దర్జా. రైల్లో సెకండు క్లాసు అంటే రెండు రూపాయల టికెట్టని అర్థం కాదుగా, అలాగన్నమాట. 150, 300, 400, 600, 900, 1500, 2500. ఏడు దర్జాలు. ఒక్కో దర్జా ఏ లోహంలో, ఏ వేడిలో ఎంత మోస్తుందో పట్టీ చూసి చదువుకోవాలి.

ఆ రాత్రి క్యాంపులో బంకు మీద పడుకుని హిసాబ్ వేశాను. పదిహేడున్నర కేజీలంటే 17.2 బార్. ఆ ప్రెషర్ దగ్గర ఆవిరి వేడి దాదాపు 208 డిగ్రీలు. ఆవిరి గమ్మత్తేంటంటే ప్రెషర్ చెబితే వేడి చెప్పినట్టే, నీటితో కలిసి ఉన్నంతవరకూ ఆ రెండూ జంటగా నడుస్తాయి. 208 దగ్గర 150 ఫ్లాంజి హద్దు 13.5 బార్. మేం పెట్టింది 17.2. నేను 35 పౌండ్లు మిగులు చూపించిన చోట నిజానికి యాభైకి పైగా తక్కువ ఉంది. పాత పదిన్నర కేజీల బాయిలర్ మీద అవే ఫ్లాంజీలు ఏళ్ళ తరబడి ఎందుకు ఆగాయో కూడా అప్పుడే తెలిసింది. అక్కడ ఆవిరి 10.3 బార్, వేడి 186. ఆ వేడిలో హద్దు 14.4. హాయిగా సరిపోతుంది.

మరి నీళ్ళ పరీక్ష? అది అబద్ధం చెప్పలేదు. చల్లటి నీళ్ళతో పెట్టాం, చల్లటి ఫ్లాంజి జవాబిచ్చింది. 150 ఫ్లాంజి చల్లగా ఉన్నప్పుడు పరీక్ష కోసం 30 బార్ దాకా తట్టుకునేలా చేస్తారు. మేం పెట్టింది 26. ఎందుకు కారుతుంది? కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇక్కడే భ్రమ. పరీక్ష పాసైంది అంటే అన్నిటికీ పాసైంది అనుకుంటారు. ఆ పరీక్ష చూసేది వెల్డింగు నిలిచిందా, ప్యాకింగు సరిగా కూర్చుందా అనే. వేడిలో లోహం ఎలా ఉంటుందన్నది దాన్ని అడిగిన ప్రశ్నే కాదు.

ఫ్లాంజి పగలదు కూడా. అదే దాని మక్కారీ. పగిలితే జాగ్రత్తపడతాం. వేడెక్కిన ఉక్కు కొద్దిగా మెత్తబడి, లోపలి తోపుడికి వెంట్రుకవాసి వంగుతుంది. బోల్టులు వెంట్రుకవాసి సాగుతాయి. ప్యాకింగు మీద పట్టు సడలుతుంది. మొదటి రోజు ఏమీ ఉండదు. నాలుగో రోజుకి ఈల వేస్తుంది. అప్పుడు వేడి మీద, ప్రెషర్ మీద, ఒక పక్క బోల్టు బిగిస్తే ఆ పక్క నలిగి అవతల పక్క ఇంకా వదులవుతుంది. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాలని ఐటీఐలో మొదటి నెలలోనే చెబుతారు. నిచ్చెన మీద ఒక చేత్తో వేలాడే మనిషికి ఎదురు బోల్టు అందదు.

ఉస్తాద్ ఆ కాగితం మీద ఇంకో ఖానా చూపించాడు. స్టెయిన్‌లెస్ 304. తళతళలాడుతుంది, ఖరీదు ఎక్కువ, కాబట్టి ఎక్కువ మోస్తుందనుకుంటాం. 150 దర్జాలో 38 డిగ్రీల దగ్గర అది 19.0 బార్, 200 దగ్గర 13.2. నల్లటి కార్బన్ స్టీల్ కన్నా ఒక మెట్టు తక్కువే. దాన్ని వాడేది తుప్పు కోసం, బలం కోసం కాదు. 300 దర్జా కార్బన్ స్టీల్ మాత్రం చల్లగా 51.1, 200 దగ్గర 43.8. మా మిల్లుకి కావలసింది అది. నాలుగంగుళాల 150 ఫ్లాంజి మందం 24 మిల్లీమీటర్లు, 300ది 32. వెడల్పు ఒకటి తొమ్మిదంగుళాలు, ఇంకోటి పది. రెంటికీ కన్నాలు ఎనిమిదే, బోల్టులే లావు. మామూ చేతికి తెలిసిన తేడా ఇదే. ఆయనకి అంకె తెలియదు, అంతే.

ఈ 150 అన్న అంకె ఎక్కణ్ణించి వచ్చిందో తరవాత చదివాను. పోయిన శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో ఉక్కు ఫ్లాంజీలకి ఒక కాయిదా రాసుకున్నప్పుడు, 150 అంటే నిజంగానే 150 పౌండ్లు. కానీ 500 ఫారన్‌హీట్ వేడిలో, అంటే 260 డిగ్రీల్లో. అంకె పుట్టిందే వేడిలోంచి. తరవాత లెక్కలు సవరించుకుంటూ వచ్చారు, ఇప్పుడు ఆ వేడి దగ్గర 170 అని రాస్తున్నారు, అంకె మాత్రం పేరుగా మిగిలిపోయింది. నేను జేబులో పెట్టుకున్న 285 చల్లటి పూట అంకె. ఆవిరి లైనులో చల్లటి పూట ఏముంటుంది!

ఇలాంటి కాయిదాలు ఎవరో ఊరికే కూర్చుని రాసినవి కావు. 1905 మార్చి 20న అమెరికాలో బ్రాక్టన్ అనే ఊళ్ళో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. రెండేళ్ళకి ఆ రాష్ట్రం బాయిలర్ చట్టం తెచ్చింది. మన దగ్గర 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి మనుషులు పోయాక 1864లో బెంగాల్‌లో చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం రావడానికి 1923 దాకా పట్టింది. ప్రతి వరస వెనకా ఒక జనాజా ఉంది.

పట్టీ కూడా అన్నీ చెప్పదనుకోండి. అందులో ఉన్నది ఆరోగ్యంగా ఉన్న లోహం తాకత్. 2014 జూన్ 27 తెల్లవారుజామున, మా గోదావరి అవతల నగరంలో భూమి కింది గ్యాస్ పైపు పగిలి మంట లేచింది. ఇరవై మందికి పైగా పోయారు. అక్కడ లోపలి తేమ పైపు గోడని తినేసింది. తుప్పు తిన్నాక ఏ అంకె అయినా పాత రోజుల అంకే. అందుకే మావాడు తుప్పు గీకి ఫోటో తీసినప్పుడు నేను అక్షరాల కన్నా ముందు ఆ గీకిన చోట గుంటలున్నాయా అని చూశాను.

మొదటి ఛుట్టీకి ఇంటికి వచ్చినప్పుడు ఆ ప్లాస్టిక్ కాగితం జిరాక్సు తెచ్చాను. మామూని వెతుక్కుంటూ చెరువు గట్టుకి వెళ్ళాను. సాయంత్రం. ఆయన గుడిసె ముందు కుక్కి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాగితం విప్పి, వరస వరసా చదివి వినిపించాను. 38 దగ్గర ఇంత, 200 దగ్గర ఇంత, మన వేడి 208. గలతీ నాది మామూ, నేను మొదటి వరసే చదివాను, అన్నాను. గొంతు పెగల్లేదు, ఎలాగో అన్నాను.

ఆయన కాగితం తీసుకోలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు నిమురుకుంటూ, "నాకు ఆ రోజే తెలుసు రా" అన్నాడు.

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"తేలిగ్గా ఉంది అని చెయ్యి అంటోంది. కాగితం మీద ఉంది అని నువ్వంటున్నావు. నేను చదువుకోలేదు కదా, చెయ్యిదే జాహిలతనం అనుకున్నాను."

"బాబుగారికి నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు ఇంకెవరు పని ఇస్తారు? నాకు ఎలాగూ చెయ్యి పోయింది."

ఆ తరవాత ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు. ఈద్‌కి ఈద్‌కి గలే మిలేటప్పుడు ఆయన కుడి చెయ్యి నా వీపు మీద పడేది. ముడవని ఆ రెండు వేళ్ళు విడిగా తెలిసేవి.

మొన్నటి ఫోటో దగ్గరికి వస్తాను. అవుననో కాదనో చెప్పాలని వాడి తొందర. నేను తిరిగి సవాళ్ళు పంపాను. బాయిలర్ ఎన్ని కేజీలు? నువ్వు అనుకునేది కాదు, దాని మీద బిగించిన రేకు ఫోటో పంపు. బోల్టులు ఏవి, కొట్లో దొరికే మామూలు మెత్త బోల్టులా, బీ 7 స్టడ్లా? ప్యాకింగు ఏ షీటు? ఎదురు ఫ్లాంజి కూడా ఇదే రకమా, లేక పీఎన్ 16 తెచ్చి జత కలుపుతున్నారా? ఈ చివరిది ఎందుకంటే, నాలుగంగుళాల్లో రెంటికీ ఎనిమిదేసి కన్నాలే, కానీ ఒకదాని కన్నాల చుట్టు 190.5 మిల్లీమీటర్లు, ఇంకోదానిది 180. కొందరు ఖిలాడీలు కన్నాలు కోసి పెద్దవి చేసి కలిపేస్తారు. జాయింటులో ఏది బలహీనమో దాని అంకే మొత్తం జాయింటు అంకె. మంచి ఫ్లాంజికి చెడ్డ బోల్టు వేస్తే ఫ్లాంజి మీది 150ని చూసి ఆవిరి జాలిపడదు.

వాడికి విసుగొచ్చింది. "ఏంటి చిచ్చా, అడిగింది ఒక్క ముక్క. అవునో కాదో చెప్పొచ్చు కదా. ఇక్కడ ఓనరు గారు నిలబడి ఉన్నారు."

"ఆయన్ని కూర్చోమను" అన్నాను.

"మా దాదా అయితే చేత్తో పట్టుకుని చెప్పేసేవాడంట."

"అవును. ఆయన చెప్పింది నిజమే అయ్యేది కూడా. నువ్వు ఇంకా అంత బరువులు పట్టుకోలేదు, ముందు చదువు. పట్టీ ఫోటో పంపుతున్నాను. మొదటి వరస దగ్గర ఆగకు, మీ ఆవిరి వేడి ఎంతో ఆ వరస దాకా దిగు. దిగాక నువ్వే నాకు చెప్పు, వెయ్యొచ్చో లేదో."

అరగంట ఏ ఖబరూ లేదు. నేను అస్ర్ నమాజుకి లేవబోతుంటే మెసేజీలు వచ్చాయి. ముందు బాయిలర్ రేకు ఫోటో, 10.54 కేజీలు. తరవాత వాడి చేతిరాతలో చిత్తుకాగితం మీద లెక్క, వేడి 186, హద్దు 14.4 బార్, మనది 10.3. ఎదురు ఫ్లాంజి కూడా 150యే. బోల్టులు బీ 7. కింద రాశాడు: "వెయ్యొచ్చు చిచ్చా. కానీ రేపు బాయిలర్ మారుస్తారంటున్నారు, పెద్దది. అప్పుడు ఈ లైనుకి ఇవి పనికిరావని ఓనరు గారికి ఇప్పుడే చెప్పాను. ముఖం అదోలా పెట్టారు."

వేసుకోమన్నాను. పాత ప్యాకింగు తిప్పి వెయ్యొద్దని, కొత్తది కొయ్యమని, ఈల వినపడితే స్పానరు కాదు వాల్వు పట్టుకోమని చెప్పాను. ఓనరు గారికి చెప్పిన మాట ఒక కాగితం మీద కూడా రాసి, తారీఖు వేసి ఇమ్మన్నాను. మీ దాదా చెయ్యి సంగతి నీకు ఒకటి చెప్పాలి, మీ అబ్బాకి కూడా తెలియదు, రాసి పంపుతాను అన్నాను. రాసింది ఇదే.